నీళ్ళు ముట్టని తల్లి

స్వభాను సంవత్సరం, కార్తీకం. సోమవారం.

అన్న పట్నం నుంచి ఈ నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "మీ వదిన ఆఖరి రెండు దినాలు ఎట్ల గడిచినయో రాయి. కథలు చెప్పేటోళ్ళకు చదివి వినిపిస్తె పాట కడుతరు," అన్నాడు.

ఇంట్లో తెలుగు రాయడం వచ్చింది నాకొక్కదానికే. చిన్నప్పుడు పట్నంలో చిన్నమ్మ దగ్గరుండి ఐదు తరగతులు చదివిన పాపానికి ఈ పని నా నెత్తిన పడింది. అన్న చదివింది ఉర్దూ. ఇందులో నేనేం రాసినా ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు. అమ్మకు అసలు అక్షరాలే రావు. కాబట్టి నా ఇష్టం వచ్చింది రాసుకుంటాను.

వదిన సంగతి రేపు.

మంగళవారం.

రేపు.

గురువారం.

రాయడానికి ఏముంది. పెళ్ళైన మొదటి ఆషాఢం అత్తగారింట్లో ఉండకూడదని నన్ను తుర్కయాంజాల్ నుంచి పుట్టింటికి తీసుకొచ్చారు. శ్రావణం రాకముందే మా ఇబ్రహీంపట్నంలో గత్తర, అంటే కలరా, పడింది. వదినా నేనూ ఒకే రోజు పొద్దున వాంతులతో, బేదులతో పడ్డాం. ఊళ్ళో అందరూ చేసేదే అమ్మ కూడా చేసింది. వెనకర్రలో మా ఇద్దరికీ రెండు చాపలు పరిచి, నీళ్ళ బిందె ఎత్తి బయట పెట్టింది. గత్తరొచ్చిన మనిషి నోట్లో నీటి చుక్క పడితే ప్రాణం పోతుందని ఈ ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. రెండో రోజు మధ్యాహ్నం వదిన పోయింది. నేను బతికాను. అన్న సర్కారుకు కట్టే లెవీ ధాన్యం తగాదా మీద పట్నం పోయి ఉన్నాడు. ఆయన వచ్చేసరికి మూడో రోజు. అప్పటికి అంతా అయిపోయింది.

అంతే. ఇందులో పాట కట్టేంత ఏముందో నాకు తెలియదు.

శుక్రవారం.

శుక్రవారం అంటేనే నాకు ఒళ్ళు మంట. వదినను కాల్చిన చోట, మా చెలక గట్టున, అన్న రాయి పాతించాడు. బొంగులూరు నుంచి మనిషిని పిలిపించి ఆడమనిషి బొమ్మ చెక్కించాడు. బొమ్మ ముక్కుకు నత్తు పెట్టించాడు. వదినకు నత్తంటే చిరాకు, పెళ్ళిలో పెడితే మూడో రోజే తీసి పారేసింది. పైగా ఆ బొమ్మ ముఖం ఎంత శాంతంగా ఉందో. మా మాణిక్యం వదిన నవ్వినా కొట్లాటకొచ్చినట్టే ఉండేది.

ముత్తైదువగా పోయింది కాబట్టి పేరంటాలు, అంటే దేవత. ప్రతి శుక్రవారం ఆడవాళ్ళు పసుపు కుంకుమలు తెచ్చి రాయి చుట్టూ తిరుగుతారు. తిరిగి పోతూ పోతూ మా ఇంట్లో దూరి నన్ను ముట్టుకుంటారు. వాళ్ళకు నేను కూడా ఒక ప్రసాదం.

పక్క వాడ మణెమ్మ అందరికంటే ముందుంటుంది. ఇవాళ కోడలు బుచ్చిని వెంటేసుకుని వచ్చింది.

"నీ చెయ్యి జర దీని నెత్తిన పెట్టు బిడ్డా. మాణిక్యమ్మ తల్లి నీళ్ళు ముట్టకుండ పోయి నిన్ను బతికిచ్చింది. నీ కంటె అదృష్టవంతురాలు ఎవరున్నరు?"

పెట్టాను. నవ్వాను కూడా. బుచ్చికి పదిహేడేళ్ళు ఉంటాయేమో, నా చెయ్యి బరువుకు కళ్ళు మూసుకుంది. నాకు ఆ చెయ్యి కడుక్కోవాలనిపించింది.

మార్గశిరం. బుధవారం.

"రాస్తున్నవా?" అని అన్న రోజూ అడుగుతున్నాడు. రాస్తున్నానంటున్నాను. అబద్ధం కాదు కదా.

సరే, ఒకటి రాస్తాను. ఈ నీళ్ళు ముట్టని మాట పుట్టించింది నేనే.

అన్న మూడో రోజు వచ్చి గడప మీద కూలబడి ఒక్కటే మాట అడిగాడు. "నీళ్ళడిగిందా?" వదినకు దూప ఎక్కువ. చెలక నుంచి రాగానే కూర్చోకుండానే చెంబెడు నీళ్ళు గటగటా తాగేది. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు. నేను "అడగలే" అన్నాను. ఆయన ముఖం కాస్త తేటపడింది. ఆ సాయంత్రం రెండు ముద్దలు తిన్నాడు. ఒక్క మాటకు మనిషి అన్నం తిన్నాడంటే ఆ మాట తప్పెట్లా అవుతుంది?

కానీ ఆ మాట ఇంట్లో ఉండలేదు. "అడగనన్న అడగలే నా కోడలు" అని అమ్మ మణెమ్మకు చెప్పింది. పదకొండో రోజుకు అది "ఇస్తానంటే వద్దన్నది" అయింది. దసరా నాటికి "నీళ్ళను చూసి మొహం తిప్పుకున్నది" అయింది. ఆ తర్వాత ఒక శివసత్తి పూనకంలో ఊగుతూ వదిన గొంతుతో మాట్లాడిందట. గత్తరొస్తే నా పేరు మీద పసుపుదారం కట్టుకోండి, నీళ్ళు ముట్టకండి, నేను కాపాడతాను అన్నదట. వదిన బతికుండగా ఎవర్నీ కాపాడతానని అనలేదు. ఎవరైనా ఏడుస్తూ వస్తే ముందు తిట్టి, తర్వాత అన్నం పెట్టేది.

ఇంతకీ అడిగిందా లేదా అన్నది ఇక్కడ రాయను.

పుష్యం. ఆదివారం.

తుర్కయాంజాల్ నుంచి మామ వచ్చాడు. కోడల్ని ఎప్పుడు పంపుతారని అడిగాడు. "ఇంక సత్తువ రాలేదు మామా" అన్నాను. పాపం నమ్మి, బెల్లం ఉంచి పోయాడు. పొద్దున నేను బావి నుంచి రెండు బిందెలు ఒకేసారి మోసుకొచ్చాను. ఆయన చూడలేదు కాబట్టి సరిపోయింది.

నాకు బాధేమీ లేదు. ఒంట్లో సత్తువ లేదంతే.

మాఘం. శనివారం.

జల్‌పల్లిలో గత్తర పడిందట. సూదులు వేయడానికి, బావుల్లో ఎర్రమందు కలపడానికి దవాఖాన వాళ్ళు మా ఊరికీ వచ్చారు. బావి నీళ్ళు రంగు మారేసరికి ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలు పట్టుకుని కొట్లాటకు దిగారు. మరియ అనే నర్సు, నలభై ఏళ్ళుంటాయి, ఆ బావి నీళ్ళే అందరి ముందు చెంబెడు తాగి చూపించింది. నోళ్ళు ఎట్లా మూయించాలో ఆమెకు తెలుసు.

తర్వాత మా ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతూ నన్ను అడిగింది. "గత్తరల పడి లేచినవంట గద. ఎట్ల బతికినవ్?"

ఏడు నెలల్లో ఎట్లా అని అడిగిన మొదటి మనిషి ఈమె. మిగతా అందరూ ఎవరి దయో చెప్పి పోయినవాళ్ళే. అమ్మ పక్కన లేదు. నవ్వులాటకు చెప్పినట్టు చెప్పాను.

"పెరట్లకు పాకుకుంట పోయినప్పుడల్లా పసుల గోలెంల మూతి పెట్టి తాగిన. ఎట్లయిన సచ్చేదే గద అని."

ఆమె నవ్వలేదు. చాయ్ కింద పెట్టింది. "గవే నిన్ను బతికిచ్చినయ్. ఒంట్ల నీళ్ళన్ని పోయే రోగానికి, నీళ్ళు బంద్ చేస్తె మనిషెట్ల ఉంటది? కాచి సల్లార్చి, జర ఉప్పేసి, కక్కినా సరే కొద్దికొద్దిగ పొయ్యాలె. నువ్వు తాగింది మంచినీళ్ళు కాదు గని, అసలే తాగకపోతె పోదువు."

సూది వేయించుకున్నాను.

ఆదివారం.

చెయ్యి వాచింది.

సోమవారం.

ఆ నర్సుకేం తెలుసు.

ఫాల్గుణం. గురువారం.

నాలో నేనే మూడు వారాలు కొట్టుకుని ఇవాళ అమ్మకు చెప్పాను. బియ్యం చెరుగుతోంది. గోలెం సంగతి చెప్పాను, నర్సు అన్న మాట చెప్పాను. అమ్మ చేట ఆపలేదు. వినలేదేమో అనుకున్నాను.

"నీళ్ళు బతికిస్తయంటె, ఆ బిందె ఎత్తి బయట పెట్టిందెవరే?" అంది చివరికి.

"నేను గది అంటలేను అమ్మా."

"బిందె ఎత్తింది నేను. గట్లయితె నా కోడల్ని నేనే సంపిన్నా? చెప్పు, గదే గద నువ్వనేది."

అమ్మ చేటలోంచి మట్టిగడ్డ ఏరి పారేసింది.

"ఆమె తల్లయి కూసున్నది. నలుగురు మొక్కుతున్నరు. మీ అన్న జర మనిషిలెక్క తిరుగుతున్నడు. నువ్వు నోరు మూసుకోని ఉండు. చేతనైతె మీ అత్తగారింటికి పో."

కోపమొచ్చింది. పోనీ అమ్మ మాటలో తప్పు పట్టుకుందామంటే దొరకలేదు, దాంతో ఇంకా కోపమొచ్చింది. పోయి పెరట్లో ఆ గోలెం ముందు నిలబడ్డాను. బర్రె తాగుతోంది. దాన్ని కూడా తిట్టాను.

శుక్రవారం.

అడిగింది.

తారణ సంవత్సరం, చైత్రం. బుధవారం.

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజు గత్తర మా ఊరికొచ్చింది. ఇవాళ పొద్దున మణెమ్మ కోడలు బుచ్చి పడింది. విన్న వెంటనే నీళ్ళు కాచి చల్లార్చి, ఉప్పు వేసి చెంబు పట్టుకుని పోయాను. మణెమ్మ దర్వాజకు అడ్డంగా కూర్చుని ఉంది. తలుపు సందులోంచి బుచ్చి చెయ్యి కనిపించింది. దానికి పసుపుదారం కట్టి ఉంది.

"చెంబెందుకే?"

"బుచ్చికి నీళ్ళు తెచ్చిన అత్తా. కాచిన."

"మతి గిన ఉన్నదా నీకు? తల్లి పేరు మీద దారం కట్టిన. మాపటి దాంక నీళ్ళు ముట్టకపోతె తల్లే చూసుకుంటది."

"తల్లి చూసుకోదు అత్తా. మా వదిన నీళ్ళు అడిగింది. అడిగితె నేనియ్యలే. నేను మాత్రం పసుల గోలెంల తాగి బతికిన. నీళ్ళియ్యకనే ఆమె సచ్చింది."

తొమ్మిది నెలలు దాచిన మాట. ఇది బయటపడితే నన్ను రాళ్ళతో కొడతారని, ఊళ్ళోంచి వెళ్ళగొడతారని ఎన్నెన్ని అనుకున్నానో. మణెమ్మ నా మొహం చూసి జాలిపడింది.

"రోగం తలకెక్కింది పాపం. తల్లిని గట్ల అనకు బిడ్డా, కండ్లు పోతయ్."

వెనక ఇంకెవరో "వదినకు అందరు మొక్కుతుంటె ఓర్వలేకపోతున్నది" అన్నారు. మణెమ్మ నా చేతిలోంచి చెంబు తీసుకుని, కోపంగా కూడా కాదు, మెల్లగా నీళ్ళు వాకిట్లో పారబోసి చెంబు నా చేతికిచ్చింది. లోపల్నుంచి బుచ్చి "నీళ్ళు" అంటోంది. అందరికీ వినిపిస్తోంది.

నిజం చెప్పడానికి ఇన్ని నెలలు భయపడ్డాను. చెప్తే ఎవరూ నమ్మరన్న సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నా అంత తెలివితక్కువది ఉండదు.

అక్కడి నుంచి చెలకకు పరుగెత్తాను. అన్న రాయికి నీడ కోసం పందిరి వేస్తున్నాడు. గుంజ పాతి చుట్టూ మట్టి తొక్కుతున్నాడు.

"అన్నా, వదిన నీళ్ళడిగింది."

తొక్కడం ఆపాడు. గుంజ వదల్లేదు. "అడగలే అన్నవ్ గద."

"అబద్ధమాడిన."

"ఎన్నిపార్లు అడిగింది?"

"లెక్కవెట్టలే. మస్తు పార్లు."

"ఏమని అడిగింది?"

ఈ ఒక్కటి తప్ప ఏమడిగినా చెప్పేదాన్ని. కానీ ఆ తలుపు వెనక బుచ్చి నీళ్ళడగడం నా చెవుల్లోనే ఉంది. చెప్పాను.

"నేను గోలెంల తాగి పాకుకుంట అర్రలకొచ్చిన. నా గదుమ తడిగున్నది చూసింది. 'తాగినవానే రేణుకా? జర నాకియ్యి' అన్నది. 'వద్దు వదినా, తాగితె సస్తవ్' అన్న. 'మరి నువ్వు తాగలేదా' అన్నది. 'నేను ఓర్వలేక తాగిన, నేను సస్త, నువ్వన్న బతుకు' అన్న. ఆమెకు లేచి పాకే బలం లేదు. 'పోనీ నీ కొంగన్న పిండు నా నోట్లె' అన్నది. నా కొంగు తడిగుండె అన్నా. ఆమె చెయ్యి చాపింది. నేను కొంగు ఎనకకు గుంజుకున్న. ఆమెను సంపొద్దని గుంజుకున్న."

అన్న గుంజ పట్టుకునే కిందికి జారి కూర్చున్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనిపించింది. ఆయన నన్ను చూడనూ లేదు, రాయిని చూడనూ లేదు. చేతికంటిన మట్టి గీక్కుంటూ కూర్చున్నాడు. అవతల బుచ్చి ఉందో పోయిందో.

"అన్నా, మణెమ్మత్త కోడలు పొద్దుగాల పడ్డది. వదిన పేరు చెప్పి నీళ్ళు పోస్తలేరు. నేను చెప్తె నమ్మలే."

అప్పుడు లేచాడు. ఊరి దిక్కు నడిచాడు, వెనక నేను పరుగు. మణెమ్మ వాకిట్లో నిలబడి, వాడంతా వినేట్టు చెప్పాడు.

"నా పెండ్లాం నీళ్ళు ముట్టలేదన్నది అబద్ధం. అడిగి అడిగి సచ్చింది. కొంగు పిండుమని చెయ్యి చాపింది. రాయి పాతింది నేను, చెప్తున్నది గూడ నేనే. అడ్డం లెవ్వు అత్తా, పిల్లకు నీళ్ళు పొయ్యి."

మణెమ్మ లేచింది. నేను చెప్తే రోగం తలకెక్కినట్టు, అదే మాట అన్న చెప్తే నిజం. ఆ కోపం తర్వాత పడదామని లోపలికి పోయాను.

గురువారం.

కక్కుతోంది. పోస్తున్నాను. మళ్ళీ కక్కుతోంది.

శుక్రవారం.

అన్న బండి కట్టించి మరియను పిలిపించాడు. ఆమె బుచ్చి నాడి చూసి "ఆపకు, పోస్తనే ఉండు" అని ఇంకో ఇంటికి పోయింది. వాడలో ఇంకో ముగ్గురు పడ్డారు. ఇద్దరికి నీళ్ళు పోస్తున్నారు. ఒకాయనకు పోయలేదు, ఆయన పొద్దున పోయాడు. ఆ ఇంటివాళ్ళ కాళ్ళు పట్టుకున్నా వినలేదు.

ఇవాళ రాయి దగ్గరకు ఎవరూ రాలేదు. కొందరికి గత్తర భయం, కొందరికి మా మీద కోపం. అమ్మ నాతో మాట్లాడటం లేదు. అన్నం గిన్నె నా ముందు పెట్టి పోతోంది.

ఆదివారం.

బుచ్చి లేచి కూర్చుంది. కూర్చున్న వెంటనే అత్తను తిట్టింది. గొంతు రాలేదు గానీ తిట్టు అర్థమైంది. మణెమ్మ ఏడుస్తూ నాకు దండం పెట్టబోయింది. "మల్ల మొదలువెట్టకు అత్తా" అని చేతులు పట్టుకున్నాను. నాకు నవ్వొచ్చింది. వదిన పోయిన తర్వాత నిజంగా నవ్వడం ఇదే అనుకుంటాను. నవ్వగానే ఏడుపొచ్చింది, అది ఇంటికి పోయేదాకా ఆగలేదు.

సోమవారం.

అన్న పందిరి పని మళ్ళీ మొదలుపెట్టాడు. ఎందుకు అని అడిగాను.

"పేరంటాలు కాకపోతె ఏంది, నా పెండ్లాం కాదా?" అన్నాడు.

నన్ను క్షమించాడో లేదో చెప్పలేదు. నేనూ అడగలేదు. గుంజ పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. తుర్కయాంజాల్‌కు నేనే కబురు పంపాను, రేపు వస్తానని.

మంగళవారం.

పొద్దున చీరలు మూట కడుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆరు రోజుల తర్వాత. ఒక చీర తీసి మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"నన్ను గూడ అడిగింది," అంది.

"ఎవరు?" తెలిసే అడిగాను.

"మాణిక్యం. నువ్వు పెరట్లకు పోయినప్పుడు. 'అత్తా, ఒక్క గుక్క' అన్నది. ఇనపడనట్టు అర్రల నుంచి బయటికొచ్చిన."

నా చేతిలోని చీర కింద పెట్టాను.

"మీ అన్నకు నువ్వు అడగలే అని చెప్తుంటె నేను దర్వాజ ఎనకనే ఉన్న. నీకు దండం పెడుదామనిపించింది."

తొమ్మిది నెలలు. ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలో వండుకు తింటూ, ఇద్దరం ఒకే మాటను ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం. నాకెందుకు చెప్పలేదని అరవాలనిపించింది. నేను మాత్రం చెప్పానా.

"బయటికొచ్చినప్పుడు నిన్ను చూసిన," అంది అమ్మ, చీర వంకే చూస్తూ. "గోలెంల మూతి పెట్టి తాగుతున్నవ్. తాగితె సస్తవని నాకెరుక. అయినా ఆపలే. కన్న బిడ్డవు, దూపతోని ఎందుకు సావాలె అనుకున్న. ఆమెకు గూడ గదే దూప గద. గది నాకు అప్పుడు తోయనే లేదు."

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడం సులువు. "మనం సంపుదామని చెయ్యలే అమ్మా, తెల్వక చేసినం" అన్నాను. ఈ మాట నాకు నేను ఇంతవరకు చెప్పుకోలేదు. అమ్మకు చెప్తున్నప్పుడు నిజమే అనిపించింది.

రేపటికి రమ్మని బండిని వెనక్కి పంపాను. మా అత్తగారింటివాళ్ళు ఇన్నాళ్ళు ఆగారు, ఒక్క రోజు ఆగలేరా. అమ్మ ఆ చీర ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. పొద్దెక్కింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. ఇచ్చి వస్తాను.